నేర్పడం కూడా నేర్చుకోవలసిన పనే

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మన వంటిళ్లలో తరచు వినిపించే మాట ఒకటుంది. పండగ పూట పిల్ల గారెలు తట్టడానికి కూర్చుంటుంది. ఒకటి మందంగా వస్తుంది. ఇంకొకటి చిల్లు పెట్టేసరికి విరిగిపోతుంది. పక్కన నించున్న తల్లికి చెయ్యి వూరుకోదు. "నువ్వు లేవవే, నేను క్షణంలో చేసేస్తాను" అంటుంది. నిజమే, గారెలు క్షణంలో తయారవుతాయి. కాని ఆ పిల్లకు గారెలు తట్టడం మాత్రం రాదు. వచ్చే పండక్కీ తల్లే పొయ్యి దగ్గర నించోవాలి. అప్పుడు "ఈ కాలం పిల్లలకు ఒక్క పనీ చేతకాదమ్మా" అని పక్కింటావిడతో వాపోతుంది కూడాను!

ఇల్లు దాటి వుద్యోగానికి వెళ్లిన చోట జరిగేదీ ఇంచుమించు ఇదే. ఇవాళ ఆడవాళ్లు ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో, బడుల్లో, అంగన్‌వాడీల్లో, బట్టలు కుట్టే ఫ్యాక్టరీల్లో పదిమంది చేత పని చేయించే స్థానాల్లో వున్నారు. సంతోషించవలసిన విషయమే. అయితే ఆ స్థానం మనకెందుకు ఇచ్చారు? మన పని మనం బాగా చేశామని ఇచ్చారు. ఇచ్చిన మర్నాటి నుంచి మన పని మారిపోయిందని మాత్రం ఎవరూ చెప్పరు. నిన్నటిదాకా మన చేత్తో పని బాగా చేస్తే చాలు. ఇవాళ్టి నుంచి ఇంకొకరి చేత్తో పని బాగా జరిగేలా చూడాలి. ఈ రెండూ ఒక్కటి కావు సుమండీ! మొదటిది వచ్చినంత మాత్రాన రెండోది దానంతట అదే రాదు. ఈ సంగతి నాకు తెలిసేసరికి చాలా ఆలస్యమైంది. ఎలా తెలిసిందో చెబుతాను.

ఒక మధ్యాహ్నం జరిగిన పొరపాటు

నేను ముప్ఫయ్యేళ్లకు పైగా నర్సు వుద్యోగం చేశాను. అందులో చివరి పద్నాలుగేళ్లు ఒక మెడికల్ వార్డుకు ఇన్‌ఛార్జి సిస్టర్ని. వూరి పేరూ, ఆసుపత్రి పేరూ ఇక్కడ అక్కరలేదు. నా చెయ్యి మంచిదని పేరు. ఎవరికీ నరం దొరకని రోగికి కూడా నేను ఒక్క పోటుతో సూది ఎక్కించేదాన్ని. అందుకే ఇన్‌ఛార్జిని చేశారు.

కొత్తగా ఒకమ్మాయి మా వార్డులో చేరింది. చురుకైనదే, కాని కాస్త బెరుకు. మొదటి రోజు ఒక గంటసేపు అన్నీ గడగడా చెప్పేశాను. "అర్థమైందా?" అన్నాను. "అర్థమైంది సిస్టర్" అంది. ఏ కొత్త పిల్లయినా అంతకంటె ఏమంటుంది చెప్పండి? చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నారు పెద్దలు. నాకు చెప్పిన తృప్తి మిగిలింది. ఆ పిల్లకేం మిగిలిందో నేను చూడలేదు.

ఇన్సులిన్ మందు సీసాలు మన దేశంలో రెండు రకాలుగా దొరుకుతాయి. ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు వుండేవి ఒక రకం, 100 యూనిట్లు వుండేవి ఇంకొక రకం. వేటి సిరంజి వాటికే. 40 యూనిట్ల సిరంజికి ఎర్ర మూత, 100 యూనిట్ల సిరంజికి నారింజ రంగు మూత వుంటాయి. మా వార్డులో ఎప్పుడూ 40 రకమే వాడేవాళ్లం. ఆ రోజు ఒక రోగి బంధువులు బయట కొట్లో కొని తెచ్చిన సీసా 100 రకం. మా అమ్మాయి అలవాటు ప్రకారం ఎర్ర మూత సిరంజి తీసుకుని, డాక్టరు రాసిన 16 యూనిట్లకు 16 గీత దాకా మందు లాగి, భోజనానికి ముందు ఇచ్చింది. లెక్క చూడండి. ఎర్ర మూత సిరంజిలో 16 గీత అంటే 0.4 మిల్లీలీటరు. సీసాలో వున్నది 100 రకం కనుక, ఆయన ఒంట్లోకి వెళ్లింది 16 కాదు, 40 యూనిట్లు. రెండున్నర రెట్లు!

రెండు గంటలకు డ్యూటీ మారే వేళకు ఆయనకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, మాట తడబడింది. వెంటనే వేలి నుంచి రక్తపు చుక్క తీసి చూస్తే సుగర్ 48. డాక్టరు వచ్చారు, నరం ద్వారా గ్లూకోజు ఎక్కించాం, సాయంత్రం దాకా గంటగంటకూ సుగర్ చూశాం. దేవుడి దయవల్ల మనిషి కోలుకున్నాడు.

అప్పుడు నేను చేసిన పని ఏమిటో తెలుసా? ఉదయం డ్యూటీ వాళ్లు, మధ్యాహ్నం డ్యూటీ వాళ్లు, ఆయాలు, రోగుల తాలూకు మనుషులు అందరూ చూస్తుండగా ఆ పిల్లను నిలబెట్టి అరిచాను. "చదువుకుని వచ్చావా, కొనుక్కుని వచ్చావా?" అన్నాను. నోటికొచ్చినన్ని అన్నాను. ఆ పిల్ల తల వంచుకుని నించుంది. నా బాధ్యత నేను నెరవేర్చాననుకున్నాను.

రెండు నెలల తరువాత ఒక ఉదయం మందుల బీరువా లెక్క చూస్తుంటే ఒక యాంటీబయాటిక్ సీసా ఎక్కువగా వుంది. తక్కువైతే పగిలిందనుకోవచ్చు. ఎక్కువ వుందంటే ఎవరికో ఇవ్వలేదన్నమాట. కేస్ షీట్లు తిరగేశాను. అన్నిటి మీదా ఇచ్చినట్టు సంతకాలున్నాయి. అందరినీ విడివిడిగా అడిగితే చివరికి ఆ అమ్మాయే ఒప్పుకుంది. ముందు రోజు సాయంత్రం ఆరు గంటల ఇంజెక్షన్ ఒకటి మరిచిపోయింది. ఏడున్నరకు గుర్తుకొచ్చింది. అప్పుడే చెప్పి వుంటే డాక్టరును అడిగి ఇచ్చేవాళ్లం. చెప్పలేదు. ఇచ్చినట్టు సంతకం పెట్టేసింది.

"ఎందుకమ్మా చెప్పలేదు?" అన్నాను.

"మళ్లీ అందరి ముందూ అరుస్తారని భయం వేసింది సిస్టర్" అంది.

ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. దొంగ సంతకం తప్పే, అందుకు తగిన చర్య తీసుకున్నాం కూడా. కాని మొదటిసారి ఆ పిల్ల చేసింది తెలియక చేసిన పొరపాటు. రెండోసారి చేసింది తెలిసి దాచిన తప్పు. మొదటి దానికీ రెండో దానికీ మధ్య వున్నది నేను. నా అరుపు ఆ పిల్లకు ఇన్సులిన్ ఇవ్వడం నేర్పలేదు. దాచడం నేర్పింది.

ఎక్కువ తప్పులు కనిపించిన వార్డులు

ఇది నా ఒక్కదాని అనుభవం కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. ఏమీ ఎడ్మండ్‌సన్ అనే అమెరికన్ పరిశోధకురాలు రెండు ఆసుపత్రుల్లో ఎనిమిది విభాగాలను పరిశీలించి, 1996లో ఆ సంగతులు ప్రచురించింది. మంచి పెద్దలుండి, సిబ్బంది కలిసికట్టుగా పనిచేసే విభాగాల్లో మందుల పొరపాట్లు తక్కువగా వుంటాయని ఆమె అనుకుంది. లెక్కలు తీస్తే విడ్డూరంగా అటువంటి చోట్లే ఎక్కువ కనిపించాయి! ఏమిటా అని తరచి చూస్తే, ఆ విభాగాల వాళ్లు ఎక్కువ తప్పులు చేస్తున్నారని కాదు, చేసినవాటిని చెప్పుకోగలుగుతున్నారని తేలింది. హెడ్ నర్సు అంటే హడలిపోయే చోట పొరపాట్లు లెక్కకే రావు. లెక్కకు రాని పొరపాటును ఎవరు దిద్దుతారు?

కనుక వుద్యోగంలో పెద్దరికం వచ్చిన ప్రతివారూ మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇది: "నా కింద పనిచేసే మనిషి తన పొరపాటును నా దగ్గరకు వచ్చి చెప్పగలదా?" చెప్పలేదు అని జవాబు వస్తే మిగిలిన నేర్పులన్నీ వున్నా వ్యర్థమే.

కోచ్ అంటే ఎవరు?

ఈమధ్య ఆఫీసుల్లో ‘కోచింగ్’ అనే మాట విరివిగా వినిపిస్తోంది. మనకు కోచింగ్ అనగానే పోటీ పరీక్షలూ, ఫీజులూ గుర్తుకొస్తాయి. అది వేరు. హంగరీ దేశంలో కోచ్ అనే పల్లెటూళ్లో పూర్వం మంచి గుర్రపు బండ్లు చేసేవారట. ఆ వూరి పేరే బండికి వచ్చింది. మన రైలుపెట్టెకు మిగిలింది కూడా ఆ పేరే. పందొమ్మిదో శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు, తమను పరీక్ష గట్టెక్కించే మేష్టరును వేళాకోళంగా ‘కోచ్’ అన్నారు. వున్న చోటి నుంచి వెళ్లవలసిన చోటికి చేర్చేవాడని భావం. అక్కడి నుంచి ఆటల్లోకి, ఇటీవల ఆఫీసుల్లోకి వచ్చింది.

ఆటల సంగతే తీసుకోండి. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచిన ఆటగాడు. ఆయన శిక్షణలో సైనా నెహ్వాల్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం, పి.వి. సింధు 2016 రియోలో రజతం తెచ్చారు. ఆట సాగుతున్నప్పుడు ఆయన ఎంత ఘనుడైనా కోర్టులోకి దిగి ఒక్క షటిల్ కూడా కొట్టడానికి వీల్లేదు. కుర్చీలో కూర్చోవలసిందే. అంటే తాను చేయగలిగిన పనిని చేయకుండా వుండి, ఎదుటివారి చేత చేయించడమే కోచ్ పని. "నువ్వు లేవవే" అనడానికి అక్కడ అవకాశమే లేదు. మన వార్డుల్లో, ఆఫీసుల్లో ఆ అవకాశం ఎప్పుడూ వుంటుంది. చిక్కంతా అక్కడే.

కొత్త పనికి నాలుగు మెట్లు

మరి ఎలా నేర్పాలి? రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లోకి, అంతకుముందు ఎన్నడూ యంత్రం ముట్టుకోని ఆడవాళ్లు, మగవాళ్లు పెద్ద సంఖ్యలో పనికి వచ్చారు. వాళ్లకు త్వరగా, సురక్షితంగా పని నేర్పడం కోసం అక్కడి ప్రభుత్వం 1940లో మొదలుపెట్టి 1945 దాకా సూపర్‌వైజర్లకు ఒక పద్ధతి నేర్పింది. యుద్ధం తరువాత అది జపాను ఫ్యాక్టరీల్లో పాతుకుపోయింది. ఆ పద్ధతికి నాలుగు మెట్లు. ఇన్సులిన్ ఇవ్వడాన్నే వుదాహరణగా తీసుకుని చెబుతాను.

మొదటిది, మనిషిని సిద్ధం చేయడం. బెదురు పోగొట్టాలి. "ఇంతకుముందు ఎక్కడైనా ఇచ్చావా అమ్మా? ఏ రకం సీసాతో?" అని అడగాలి. వచ్చిందేమిటో తెలియనిదే రానిదేమిటో ఎలా తెలుస్తుంది?

రెండోది, చేసి చూపించడం. నోటితో చెప్పి వూరుకోవడం కాదు. సీసా చేతికి తీసుకుని, దాని మీద 40 అని వుందో 100 అని వుందో పైకి చదవాలి. దానికి తగిన రంగు మూత సిరంజి తియ్యాలి. ఒక్కొక్క అడుగూ చూపిస్తూ, ఎందుకో కారణం కూడా చెప్పాలి. "మూత రంగు చూడు" అంటే నాలుగు రోజుల్లో మరిచిపోతుంది. "రంగు తప్పితే 16 కాస్తా 40 అవుతుంది, మనిషి పోవచ్చు" అంటే జన్మలో మరిచిపోదు.

మూడోది, ఆమె చేత చేయించడం. చేస్తూ చెప్పమనాలి. మన చేతులు వెనక్కి కట్టుకోవాలి. ఇదే కష్టం! మొదటిసారి నెమ్మదిగా చేస్తుంది. గడియారం కేసి చూడకూడదు. "ఎందుకు అలా?" అని అడిగితే కారణం చెప్పగలిగిందాకా మళ్లీ చేయించాలి. "అర్థమైందా?" అన్న ప్రశ్నకు ‘అవును’ తప్ప జవాబు వుండదు. "ఏదీ, నాకు చెప్పు" అన్న ప్రశ్నకే అసలు జవాబు వస్తుంది.

నాలుగోది, వదిలిపెట్టి కనిపెట్టి వుండటం. "సందేహం వస్తే ఫలానా సిస్టర్ని అడుగు" అని ఒక మనిషిని చూపించాలి. మొదటి వారం రోజుకు రెండు సార్లు చూడాలి, తరువాత ఒకసారి, ఆ తరువాత ఎప్పుడన్నా. ఒక్కసారిగా వదిలేయకూడదు, ఎప్పటికీ వదలకుండానూ వుండకూడదు.

ఆ పద్ధతి మూలసూత్రం ఏమిటంటే, నేర్చుకునేవారికి రాలేదంటే నేర్పేవారు నేర్పలేదని అర్థం. కొంచెం కటువుగా వుంటుంది. అయినా ఆ ఇన్సులిన్ విషయంలో నాకు అక్షరాలా వర్తించింది. రెండు రకాల సీసాలున్న సంగతి నా గంట వుపన్యాసంలో ఎక్కడో వచ్చే వుంటుంది. చేత్తో పట్టించి చూపించానా? లేదు.

పని బాగా వచ్చినవారికే నేర్పడం కష్టమవుతుందని కూడా అప్పుడే అర్థమైంది. పాట్రీషియా బెన్నర్ అనే అమెరికన్ నర్సు 1984లో వెలువరించిన పుస్తకంలో, నర్సు పనిలో అయిదు దశలను వివరించింది. కొత్తగా వచ్చిన మనిషి నియమాలు పట్టుకుని నడుస్తుంది. అనుభవం పండిన మనిషి రోగి ముఖం చూడగానే ఏదో తేడా వుందని గ్రహిస్తుంది. ఎలా గ్రహించావంటే చెప్పలేదు. సైకిలు తొక్కడం వచ్చినవాళ్లు ఎలా తొక్కుతున్నారో చెప్పలేరు చూడండి, అలాగ. కనుక నేర్పబోయే ముందు మన పనిని మనమే ఒకసారి నెమ్మదిగా చేసి, అడుగులు కాగితం మీద రాసుకోవాలి. ‘ఇది కూడా చెప్పాలా’ అనిపించేది సాధారణంగా చెప్పి తీరవలసినదే.

వచ్చినవారిని అడగాలి

కొత్తవారికి చూపించాలి సరే. పని కొంత వచ్చినవారికి? వాళ్లకూ అన్నీ మనమే చెబుతుంటే వాళ్ల బుర్ర పనిచేయడం మానేస్తుంది. ప్రతి చిన్నదానికీ "సిస్టర్, ఏం చేయమంటారు?" అని వస్తారు.

నా దగ్గరకు ఒక స్టాఫ్ నర్సు వచ్చి, "ఈ 500 మి.లీ. సెలైను నాలుగు గంటల్లో వెళ్లాలన్నారు, నిమిషానికి ఎన్ని చుక్కలు పెట్టను?" అని అడిగేది. మొదట్లో "42 పెట్టు" అనేసేదాన్ని. మర్నాడు మళ్లీ వచ్చేది. తరువాత తరువాత, "మన సెట్టులో మిల్లీలీటరుకు 20 చుక్కలు కదా, అయితే సీసా మొత్తానికి ఎన్ని?" అనేదాన్ని. పదివేలు. "నాలుగు గంటలంటే ఎన్ని నిమిషాలు?" 240. "ఇక నువ్వే చెప్పు." 41 దాటి 42కు దగ్గరగా వస్తుంది. వారంలో అడగడం మానేసింది. నెలలో ఇంకొకరికి నేర్పుతోంది! మొదటి రోజు నాకు పట్టిన ఆ మూడు నిమిషాలు ఆ తరువాత కొన్ని వందల నిమిషాలను మిగిల్చాయి.

తిమోతీ గాల్వే అనే టెన్నిస్ శిక్షకుడు 1974లో ఒక పుస్తకం రాశాడు. "భుజం అలా, మణికట్టు ఇలా" అని ఎన్ని సూచనలిస్తే ఆటగాడు అంత బిగుసుకుపోతున్నాడని ఆయన గమనించాడు. సూచనలు మానేసి, బంతి నేలను తాకినప్పుడొక మాట, బ్యాటుకు తగిలినప్పుడొక మాట పైకి అనమన్నాడు. ఆ ధ్యాసలో పడి ఆటగాళ్లు వాళ్లంతట వాళ్లే మెరుగయ్యారు. ఆ ఆలోచనను ఆఫీసు పనికి మలిచినవారిలో జాన్ విట్‌మోర్ ఒకరు. ఆయన పూర్వాశ్రమంలో కారు పందేల మనిషి! 1992లో వచ్చిన ఆయన పుస్తకం వల్ల నాలుగు ప్రశ్నల పద్ధతి ఒకటి లోకమంతా పాకింది. ఏం కావాలి? ఇప్పుడెలా వుంది? ఏమేం దారులున్నాయి? ఏది చేస్తావు, ఎప్పుడు చేస్తావు? ఇవే ఆ నాలుగు.

మా వార్డులో ఒకమ్మాయికి సాయంత్రం మందులు ఇచ్చేసరికి రోజూ ఏడు దాటేది. మందలించి లాభం లేకపోయింది. ఒకరోజు పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను.

"ఎన్నింటికి పూర్తవాలనుకుంటున్నావు?"

"ఆరున్నరకల్లా అయిపోవాలి సిస్టర్."

"నిన్న ఎక్కడెక్కడ ఆలస్యమైందో గుర్తుందా?"

కాసేపు ఆలోచించింది. నాకు చెప్పేయాలని నాలుక దురద! పళ్లు బిగబట్టి వూరుకున్నాను. "మాటిమాటికీ బీరువా దగ్గరకు వెళ్లాను సిస్టర్. మధ్యలో చుట్టాలు ఆపి ఏదో ఒకటి అడుగుతారు" అంది.

"అయితే ఏం చేయొచ్చు?"

"అయిదున్నరకే మంచాల వరస ప్రకారం ట్రేలో మందులు సర్దుకోవచ్చు. చుట్టాలకు, మందులు ఇవ్వడం కాగానే వచ్చి మాట్లాడతానని చెప్పొచ్చు."

"ఎప్పటి నుంచి?"

"రేపటి నుంచే. శుక్రవారం మీరే చూడండి."

నాకు తెలియని వుపాయం ఇందులో ఒక్కటీ లేదు. కాని నేను చెప్పి వుంటే అది నా వుపాయం అయ్యేది. తను చెప్పింది కనుక తన వుపాయం అయింది. తన వుపాయం నెగ్గాలని ఎవరికి వుండదు? శుక్రవారం నాడు ఆరూ ఇరవైఅయిదుకే ట్రే ఖాళీ చేసుకుని వచ్చింది.

ఎప్పుడు అడగకూడదు?

దీనికీ ఒక హద్దు వుంది. రోగి గుండె ఆగిపోతుంటే "ఏం చేద్దామంటావమ్మా?" అని అడగడం పాపం. అప్పుడు హుకుం జారీ చేయాలి, ముందు మనం చేయి వేయాలి. ప్రమాదం గడిచాక కూర్చుని, "ఏం జరిగింది? మళ్లీ జరిగితే ఎలా చేద్దాం?" అని మాట్లాడుకోవాలి.

ఇంకొకటి. ప్రతి లోపమూ నేర్పు లేకపోవడం వల్ల రాదు. రాత్రి డ్యూటీలో నలభైమంది రోగులకు ఒక్క నర్సును పెట్టి, ఆమెకు కోచింగ్ ఇస్తామంటే నవ్విపోతారు. అక్కడ కావలసింది ఇంకొక నర్సు. ఆ మాట పైవాళ్లకు రాతపూర్వకంగా చెప్పడం, చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పడం కూడా పెద్దరికంలో భాగమే. పైవాళ్లతో మాట్లాడలేక కిందివాళ్లను రాపాడటం పెద్దరికం అనిపించుకోదు.

ఎలా అలవాటు చేసుకోవాలి?

ఇదంతా పుట్టుకతో వచ్చే గుణం కాదు. నాకు యాభై దగ్గరపడుతుండగా వచ్చింది. అందుకు నేను పెట్టుకున్న కొన్ని నియమాలు చెబుతాను, మీకు పనికొస్తే తీసుకోండి.

వారానికి ఒక్క మనిషి, ఒక్క పని. అందరికీ అన్నీ నేర్పాలనుకుంటే ఎవరికీ ఏదీ రాదు.

ఎవరైనా సందేహంతో వస్తే జవాబుకు ముందు ఒక ప్రశ్న: "నీకేమనిపిస్తోంది?" అడిగాక మనసులో పది అంకెలు లెక్కపెట్టాలి. ఆ మౌనంలోనే ఎదుటివారు ఆలోచించడం మొదలుపెడతారు.

తప్పును నలుగురిలో దిద్దకూడదు. అలాగని నెల తరువాతా చెప్పకూడదు. అదే రోజు, చాటుగా, జరిగిన పనిని గురించి చెప్పాలి. "నువ్వు అజాగ్రత్త మనిషివి" అంటే దిద్దుకునేందుకు ఏమీ వుండదు. "మూడో నంబరు రోగి చేతి పట్టీ మీద పేరు చూడకుండా మందు ఇచ్చావు" అంటే రేపు చూస్తుంది. మెప్పు కూడా అంతే. "భేష్" అని వూరుకోక, "ఆ ముసలాయన అయోమయంగా వున్నాడని గమనించి వెంటనే చెప్పావు చూడు, అది మంచి పని" అంటే ఏది మళ్లీ చేయాలో తెలుస్తుంది.

అన్నిటికంటె పెద్ద మందు, మన పొరపాటును మనమే చెప్పుకోవడం. ఆ సంతకం సంగతి బయటపడ్డ వారం తరువాత డ్యూటీ మారే వేళ అందరినీ కూర్చోబెట్టి, నా మొదటి సంవత్సరంలో నేను ఒక రోగి మందు ఇంకొకరికి ఇచ్చిన కథ చెప్పాను. ఆ అమ్మాయిని అందరి ముందూ అరవడం తప్పని, అందరి ముందే ఒప్పుకున్నాను. చెప్పేటప్పుడు నోరు పెగల్లేదు. పెద్దరికం పోతుందేమోనని భయం వేసింది. పోలేదు. మరుసటి నెలలో చిన్నా చితకా పొరపాట్లు అయిదు నా దగ్గరకు వచ్చాయి. ఒక్కటీ రోగి దాకా వెళ్లి హాని చేయలేదు. అందులో ఒకటి ఆ అమ్మాయే తెచ్చింది. "సిస్టర్, బీరువాలో రెండు రకాల ఇన్సులిన్ ఒకే అరలో కలిపి పెట్టారు, వేరు చేద్దామా?" అంది. ఇద్దరం కలిసి వేరు వేరు డబ్బాల్లో పెట్టి, పైన పెద్ద అక్షరాలతో రాసి అంటించాం. ఇవాళ పెన్నులాంటి సాధనాలు వచ్చాయి. అయినా సీసాలూ, సిరంజిలూ పోలేదు. చీటీల అవసరమూ పోలేదు.

ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో నర్సింగు మీద రాసిన పుస్తకంలో, తాను ఎదురుగా వుండి చేసే పని తాను లేనప్పుడు కూడా జరిగేలా ఏర్పాటు చేయడం గురించి ఒక అధ్యాయమంతా రాసింది. ఆ తెలివి లేకపోతే ఎంత శ్రద్ధగా సేవ చేసినా ఫలితం వుండదని ఆమె భావం. నేను మొదట్లో సెలవు పెట్టినప్పుడల్లా వార్డు నుంచి పది ఫోన్లు వచ్చేవి. నేను లేకపోతే గడవదని లోలోపల గర్వపడేదాన్ని కూడా. తరువాత ఒక ఏడాది చెల్లెలి కూతురి పెళ్లికి వారం సెలవు పెడితే ఒక్క ఫోనూ రాలేదు. నిజం చెప్పొద్దూ, మొదటి రెండు రోజులూ మనసు కొంచెం చివుక్కుమంది! మూడో రోజున అర్థమైంది, నాకు వుద్యోగం చేయడం అప్పటికి వచ్చిందని.

వింటున్న మీలో వుద్యోగాలు చేసేవారున్నారు, ఇంట్లో ఆడపిల్లలకూ, కోడళ్లకూ పని నేర్పేవారూ వున్నారు. రేపు ఎవరైనా మీ ఎదుట తడబడుతూ పని చేస్తుంటే, "నువ్వు లే" అనే మాట నాలుక చివరికి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగండి. మొదటి నాలుగు గారెలూ విరిగితే విరగనివ్వండి.